పాత కవచం

నేటి తలంపు: ఒంట్లో ఉన్న బలం కొన్నేళ్లు మనల్ని గెలిపిస్తుంది. ఆపైన అది ఎవరి చేతికి అందాలో వెతుక్కోవడమే సాధన.

ధ్యానం

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ఎదురుగా నిలబడగానే ఎవరూ చెప్పకుండానే చేతులు చెవుల మీదికి పోతాయి. కుడిచేత్తో ఎడమ చెవి, ఎడమచేత్తో కుడి చెవి. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ, హాల్‌టికెట్ జేబులో పెట్టుకొచ్చిన ఇంటర్ కుర్రాడు, కొత్త బండికి పూజ చేయించుకుని నిమ్మకాయలు తొక్కించి వచ్చిన డ్రైవరు, అందరూ అక్కడ ఒకే పని చేస్తారు. వెనకనుంచి ‘జరగండి, జరగండి’ అంటున్నా వినకుండా మూడో ఐదో గుంజీలు తీసి గాని కదలరు. పెద్దావిడకు మోకాళ్లు పూర్తిగా వంగవు. సగం వంగి, అదీ గుంజీ కిందే లెక్క వేసుకోమన్నట్టు స్వామి వైపు చూసి నవ్వుతుంది. ఇంత చనువుగా భక్తుల చేత వ్యాయామం చేయించుకునే దేవుడు మనకు మరొకడు లేడు.

కుస్తీ నేర్చుకునే పిల్లవాడి రోజు కూడా ఇలాగే మొదలవుతుంది. వాడు వాటిని బస్కీలంటాడు, వందల లెక్కన తీస్తాడు. గోదాలోకి దిగేముందు మట్టిని కళ్లకద్దుకుంటాడు, వస్తాదు కాళ్లకు మొక్కుతాడు, ఆ తర్వాతే పట్టు. మన నేలకు ఇది కొత్తేమీ కాదు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలవారి పొద్దుటి అలవాటును రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వులనూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పేవారట. తాగిన నూనె చెమటగా బయటికొచ్చేదాకా శ్రమించి, అప్పుడు తన మల్లుల్లో ఒకరితో కుస్తీ పట్టేవారట. రాజ్యాలను గెలిచి, ఏడుకొండలవాడిని ఏడుసార్లు దర్శించుకున్న రాజు కూడా రోజూ పొద్దున్నే ఒక మల్లుడికి తన ఒంటిని అప్పగించేవాడన్నమాట.

ఈ ఉదయం మన ధ్యానానికి తీసుకున్న మల్లుడు మాత్రం మన నేలవాడు కాడు. అతని పేరు డాన్ గేబుల్. అమెరికాలో మొక్కజొన్న పండే అయోవా రాష్ట్రంలో, వాటర్లూ అనే ఊళ్లో 1948లో పుట్టాడు. అతనికి పదిహేనేళ్లప్పుడు, 1964లో, వాళ్ల అక్క ఇంట్లోనే హత్యకు గురైంది. అమ్మానాన్నలు ఆ ఇంట్లో ఉండలేకపోయారు, అమ్మేసి పోదామనుకున్నారు. అప్పుడా పిల్లవాడు తన పక్క సర్దుకుని అక్క గదిలోకి మారాడు. ఇల్లు నిలబడింది. ఆ తర్వాత ఆ ఇంట్లోకి సంతోషం తెచ్చే పని తనదే అన్నట్టు అతను గోదాలో దిగాడు. హైస్కూల్లో 64 కుస్తీలు పట్టాడు, ఒక్కటీ ఓడలేదు. అయోవా స్టేట్ యూనివర్సిటీలో చేరాక వరసగా 117 గెలిచాడు. అమెరికా కుస్తీలో అతని పేరెత్తితే ఓటమి అన్న మాటే ఉండేది కాదు.

1970 మార్చిలో ఇవాన్‌స్టన్ అనే ఊళ్లో జాతీయ కళాశాలల పోటీ జరిగింది. కళాశాల విద్యార్థిగా అతనికదే చివరి కుస్తీ. ఎదురుగా వాషింగ్టన్ యూనివర్సిటీ కుర్రాడు, లారీ ఓవింగ్స్. అందరూ ఫలితం ముందే రాసేసుకున్నారు. చివరి క్షణాల్లో ఓవింగ్స్ పట్టు బిగించాడు. 13–11తో గేబుల్ ఓడిపోయాడు. 181 గెలుపుల వెనకాల ఒక్క ఓటమి, అదీ చిట్టచివర.

అక్కడితో చాలించుకుని ఉంటే అతని కథ మనదాకా వచ్చేది కాదు. మర్నాటినుంచి సాధన పెంచాడు. మరుసటేడు సోఫియాలో ఫ్రీస్టయిల్ ప్రపంచ విజేత అయ్యాడు. ఫ్రీస్టయిల్ అంటే కాళ్లు కూడా పట్టుకోనిచ్చే కుస్తీ. నడుము పైభాగాన్నే పట్టుకోవలసిన గ్రీకో-రోమన్ పద్ధతికీ దీనికీ తేడా అదే. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 68 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచాడు. ఆరు కుస్తీలు పట్టి, ఎదుటివాళ్లలో ఒక్కరికి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఆ ఓటమి తనకు చేసిన మేలు గురించి గేబుల్ తర్వాతి కాలంలో ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఆ రోజు గెలిచి ఉంటే మ్యూనిక్‌లో అంత గట్టిగా నిలబడేవాడు కాదని అతని నమ్మకం.

అప్పటికి అతని వయసు ఇరవైమూడు. లోకం ఇవ్వగలిగిందంతా ఇచ్చేసింది. ఇక ముందున్న జీవితమంతా ఏం చేయాలి?

ఈ ప్రశ్న దగ్గర ఆగి, మళ్లీ కాణిపాకం గర్భాలయంలోకి చూద్దాం. అక్కడి స్వామి స్వయంభువు, బావి నీళ్లలోనే వెలిశాడు. రోజురోజుకూ పెరుగుతున్నాడని భక్తుల విశ్వాసం. ఒకప్పుడు నీళ్లలోనే ఉండిన బొజ్జ, మోకాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నాయని పెద్దలు చెబుతారు. దానికి సాక్ష్యంగా ఆలయంలో ఒక వెండి కవచాన్ని చూపిస్తారు. అరగొండ గొల్లపల్లెకు చెందిన ఒక భక్తురాలు 1945లో స్వామికి కొలతలు తీయించి చేయించిన కవచమది. ఇప్పుడది స్వామికి పట్టదు. చేయించిన నాడు ఆ తల్లి ఎంత సంబరపడి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఏళ్లు గడిచి అది స్వామికి పట్టకపోయేసరికి సంబరం రెట్టింపయింది. కవచం చిన్నదైపోయిందని ఈ ఊళ్లో ఎవరూ బాధపడలేదు, స్వామి పెరిగాడని చేతులెత్తి మొక్కారు. కొత్త కొలతలతో కొత్త కవచాలు వచ్చాయి. పాతది కరిగించి పారేయలేదు, స్వామి మీద బలవంతంగా తొడగనూ లేదు. దాని చోటు దానికి ఉంది.

బంగారు పతకం కూడా అలాంటి కవచమే. ఆ వయసుకు, ఆ రోజుకు, ఆ ఒంటికి కొలత పెట్టి చేసింది. దాన్ని జీవితమంతా తొడుక్కుని తిరగాలనుకున్నవాడు ఎదగడం మానేయాలి. మనలో చాలామంది చేసేది అదే. టెన్త్‌లో స్కూలు ఫస్టు వచ్చిన సంగతి అరవై ఏళ్లకూ చెబుతాం. ఆఫీసులో మన హయాంలో జరిగిన ఒక మంచి పనిని రిటైరయ్యాక కూడా మెడలో వేసుకుని తిరుగుతాం. కొత్తగా వచ్చినవాళ్లు మనకంటే బాగా చేస్తుంటే, ‘మా రోజుల్లో అయితేనా...’ అని మొదలుపెడతాం. కవచం బిగుతైపోయి ఊపిరాడకపోతున్నా విప్పం.

గేబుల్ విప్పాడు. పతకం తెచ్చిన ఏడాదే అయోవా యూనివర్సిటీ కుస్తీ జట్టుకు సహాయ శిక్షకుడిగా చేరాడు. 1976లో ప్రధాన శిక్షకుడయ్యాడు. 1997 దాకా, ఇరవై ఒక్క సీజన్లు, ఆ కళాశాల పిల్లలతోనే గడిపాడు. ఆ కాలంలో అతని జట్టు 15 సార్లు జాతీయ విజేతగా నిలిచింది. 1978నుంచి 1986 దాకా వరసగా తొమ్మిదేళ్లు ఆ కప్పు ఇంకెవరికీ దక్కలేదు. వట్టి మాటలతో నేర్పే శిక్షకుడు కాడాయన. చాప మీదికి దిగి, పిల్లలతో తానే పట్టు పట్టేవాడు. రోజూ తన ఒంటిమీద వాళ్ల చేత ప్రయత్నం చేయించేవాడు. అందుకు ఆయన ఒళ్లు మూల్యం చెల్లించింది. తుంటి కీళ్లు మార్పించుకోవలసి వచ్చింది. గెలవడానికి కూడబెట్టుకున్న బలమంతా పిల్లలకు పంచిపెట్టడానికి ఖర్చయింది.

1987లో పదో కప్పు కోసం పోటీకి దిగితే జట్టు ఓడిపోయింది. ఓడించింది ఎవరు? అయోవా స్టేట్. గేబుల్ స్వయంగా చదువుకున్న కళాశాల, అతనికి కుస్తీ నేర్పిన గోదా. ఆ తర్వాత మరో మూడేళ్లు కప్పు రాలేదు. మళ్లీ 1991లో మొదలుపెట్టి, తప్పుకునేలోగా ఇంకో ఆరు గెలిపించాడు. గురువు బతుకులో కూడా ఓటమి తప్పదు. ఆటగాడిగా ఉన్నప్పుడు దాన్ని ఒక్కడే మోయాలి. గురువయ్యాక పది మంది కుర్రాళ్ల ముఖాల్లోకి చూస్తూ మోయాలి. రెండోది కష్టం. శిష్యుడి చేతిలో ఓడిపోవాలని గురువు కోరుకోవాలని మన పెద్దలు అన్నారు. ఆ మాట వినడానికి బాగుంటుంది. కుస్తీ గురువుకు మాత్రం అది మాట కాదు, జరిగి తీరే సంగతి. నిన్నటిదాకా తన కిందపడి గిలగిల్లాడిన కుర్రాడు ఒక సాయంత్రం ఆయన రెండు భుజాలూ నేలకు ఆనిస్తాడు. లేచి, దుమ్ము దులుపుకుని, ‘శెభాష్, ఆ పట్టే మళ్లీ పట్టు’ అనగలిగినవాడే వస్తాదు.

కాణిపాకం కథలోనూ ఇలాంటి మనుషులే ఉన్నారు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఇంకొకరికి వినికిడి లేదు. ముగ్గురన్నదమ్ములు ఒక చిన్న మడి పెట్టుకుని, బావిలోంచి ఏతంతో నీళ్లు తోడుకుని బతికారు. ఏతం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పైన తొక్కేవాడు తొక్కాలి, కింద బాన వంచేవాడు వంచాలి, మడికి నీళ్లు కట్టేవాడు కట్టాలి. మాట రానివాడి సైగను చూపున్నవాడు అందుకోవాలి, చూపు లేనివాడికి మాటున్నవాడు దారి చెప్పాలి. బావి ఎండిపోతే లోతు చేయడానికి దిగారు. గునపం రాతికి తగిలింది, నెత్తురు చిమ్మింది, బావి నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ క్షణంలోనే ముగ్గురికీ లోపాలు పోయాయని, అక్కడ స్వామి వెలిశాడని స్థలపురాణం. స్వామి గుడిలో జపం చేసుకుంటున్నవాళ్లకు కనిపించలేదు. తమకున్న కొరతలను ఒకరికొకరు పూడ్చుకుంటూ నీళ్లు తోడుతున్నవాళ్ల గునపానికి తగిలాడు.

కుస్తీ కూడా ఒంటరి పని అనిపిస్తుంది గాని కాదు. దండీలు ఒక్కడే తీయవచ్చు, తెల్లారుజామున ఒక్కడే పరుగెత్తవచ్చు. పట్టు మాత్రం ఎదుటివాడి ఒళ్లు లేకుండా రాదు. మణికట్టును ఎంత బిగిస్తే జారదో, ఏ క్షణంలో ఎదుటివాడి బరువు మడమనుంచి వేలిమీదికి మారుతుందో పుస్తకం చెప్పదు. రోజూ మన కింద పడటానికి ఒప్పుకున్న తోటివాడు నేర్పుతాడు. రేపు వాడే మనల్ని పడేస్తాడు, అప్పుడు నేర్చుకునే వంతు వాడిది. విజేత మెడలోని పతకంలో ఇలాంటివాళ్ల చెమట ఎంతో ఉంటుంది. వాళ్ల పేర్లు ఏ పత్రికలోనూ రావు. గెలిచినవాడు శిక్షకుడయ్యాడంటే ఆ బాకీ తీర్చడానికి కూర్చున్నాడని అర్థం.

మన తెలుగు నేలమీద బలం, బోధన ఒకే ఇంట్లో కాపురమున్న ఉదాహరణలు లేకపోలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు కుస్తీలో, కండబలంలో దేశమంతా పేరు మోసి ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నారు. అంతకుముందు విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడాయన. గుండెలమీద ఏనుగును ఎక్కించుకున్న మనిషి మొదట చేసిన పని, పిల్లల్ని వరసలో నిలబెట్టి చేతులు చాపించడం. ఆయన పేరుమీదే ఇవాళ శ్రీకాకుళంలో స్టేడియం ఉంది.

అదే సిక్కోలు సీమ నుంచి కరణం మల్లీశ్వరి వచ్చారు. కుస్తీ కాదు గాని, అదీ బలంతో చేసే తపస్సే. సన్నగా, బలహీనంగా ఉన్న పిల్ల బరువులేం ఎత్తుతుందని మొదట్లో అనుమానపడ్డవాళ్లున్నా, తల్లి పట్టుబట్టి నిలబెట్టింది. నీలంశెట్టి అప్పన్న దగ్గర తొలిపాఠాలు నేర్చుకున్నారు. 1994, 1995 సంవత్సరాల్లో వరసగా ప్రపంచ విజేత అయ్యారు. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దొరికింది 2000లో, సిడ్నీలో. 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 ఎత్తారు. ఇంకొక్క ప్రయత్నం మిగిలింది. బార్ మీద 137.5 కిలోలు పెట్టించారు. అది లేస్తే బంగారం. సుద్దపొడి అంటిన అరచేతులు ఇనుమును బిగించాయి. దేశమంతా ఊపిరి బిగబట్టింది. బరువు లేవలేదు. బంగారం గెలిచిన చైనా అమ్మాయి మొత్తం 242.5. తేడా రెండున్నర కిలోలు.

కాంస్యంతోనే ఆమె ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆ ఏడు మన దేశానికి సిడ్నీలో దక్కిన పతకం అదొక్కటే. కాని ఆ రెండున్నర కిలోలు మనిషిని రాత్రిళ్లు నిద్రపోనివ్వవు. అంతకంటే తక్కువ తేడాతో పోయిన ఉద్యోగాన్ని, ఒక్క మార్కుతో తప్పిన ర్యాంకును మనం ఎన్నేళ్లు తలుచుకుని కుమిలిపోతామో మనకు తెలుసు. మల్లీశ్వరి తర్వాత ఏం చేశారు? హర్యానాలోని యమునానగర్‌లో పిల్లలకు బరువులెత్తడం నేర్పే అకాడమీ పెట్టారు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. తాను ఎత్తలేకపోయిన బరువును ఇంకో పిల్ల ఎత్తేలా చూడటమే ఆమె ఎంచుకున్న పని.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. అది చెప్పకపోతే ఈ ధ్యానం సగమే అవుతుంది. శిక్షకుడి పేరుతో తన పాత ఆకలినే పిల్లల మీద రుద్దేవాళ్లుంటారు. తాను గెలవలేని కప్పు కోసం కొడుకును రాచిరంపాన పెట్టే తండ్రులుంటారు. తాను డాక్టరు కాలేకపోయినందుకు కూతురి చేత ఐదేళ్లు నీట్ రాయించే తల్లులుంటారు. అది బలాన్ని అందించడం కాదు, తన పాత కవచాన్ని పిల్లవాడికి తొడగడం. వాడి కొలతలు వేరు. స్వామికే పట్టని కవచం పసివాడికి ఎలా పడుతుంది? మంచి వస్తాదు ముందు కుర్రాడి ఒళ్లు చూస్తాడు. పొట్టివాడికి కాళ్ల పట్టు నేర్పుతాడు, పొడుగువాడికి దూరంనుంచి మెడ అందుకోవడం నేర్పుతాడు. తనకు ఇష్టమైన పట్టు కోసం పిల్లవాడి ఒంటిని విరవడు.

మరి ఏది అందిస్తున్నామో, ఏది రుద్దుతున్నామో ఎలా తెలుస్తుంది? కాణిపాకం దీనికి కూడా ఒక దారి చూపిస్తుంది. ఇది ప్రమాణాల ఊరు. తప్పు చేయలేదని దబాయించేవాళ్లను చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ‘కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?’ అని అడిగితే సగం మంది మాట అక్కడే తడబడుతుంది. కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు నిలబడ్డాక అబద్ధం నోట రాదని నమ్మకం. తాగుడు మానేస్తామని మొక్కుకోవడానికి వచ్చేవాళ్లూ చాలామంది. వాళ్ల వెనక భార్యలు చంటిబిడ్డలతో నిలబడి ఉంటారు. ప్రమాణం చేయడం ఒక్క పొద్దు పని. దాన్ని నిలబెట్టుకోవడం రోజూ పొద్దున్నే మళ్లీ మొదలయ్యే పని. కళాశాల జట్టు శిక్షకుడు చేసేది సరిగ్గా ఇదే. ఇవాళ వచ్చిన కుర్రాడు రేపూ వచ్చేలా చూడటం. నిన్న పడ్డవాడు ఇవాళ సాకు చెప్పకుండా చాప మీదికి దిగేలా చూడటం. అందుకు ముందు తాను రావాలి. కుర్రాళ్లు మాటలు మరిచిపోతారు గాని, తెల్లారి ఐదింటికి సారు వచ్చాడా లేదా అన్నది మరిచిపోరు. కాబట్టి మనకు మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: నేను నేర్పుతున్నది నేను ఇవాళ కూడా చేస్తున్నానా?

చివరగా, ఈ ఊరి పక్కన పారే బాహుదా నది కథ. మహాభారతంలో శాంతిపర్వం చెప్పే కథ ఇది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు, ఇద్దరూ తపస్వులు. ఆకలేసి లిఖితుడు అన్న తోటలో పండు కోసుకు తిన్నాడు, అడగలేదు. ‘ఇది దొంగతనమే, పోయి రాజుకు చెప్పి శిక్ష వేయించుకో’ అన్నాడు అన్న. లిఖితుడు వాదించలేదు. తానే రాజు దగ్గరికి పోయి శిక్ష అడిగి తీసుకున్నాడు. రెండు చేతులూ పోయాయి. తెగిన చేతులతో తిరిగొచ్చిన తమ్ముణ్ణి అన్న నదికి పంపించాడు, దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు తర్పణం విడిచి రమ్మని. చేతుల్లేనివాడు దోసిలి ఎలా పడతాడు? లిఖితుడు ఆ ప్రశ్న కూడా అడగలేదు. నీళ్లలో దిగి, ఇవ్వడానికి మొండి భుజాలు ముందుకు చాపాడు. అప్పుడు చేతులు వచ్చాయి.

ఈ కథలో చేతులు ఎప్పుడు వచ్చాయో గమనించండి. అన్న క్షమించినప్పుడు రాలేదు, ఏడ్చినప్పుడు రాలేదు. ఇతరుల కోసం నీళ్లు విడవబోయినప్పుడు వచ్చాయి. గేబుల్‌కు 1970లో తెగిపోయిన చేతులు అలాగే తిరిగొచ్చాయనుకోవచ్చు. మ్యూనిక్ పతకం ఒక సాంత్వన. ఆయన చేతులు నిండుగా మొలిచింది మాత్రం, అయోవాలో ఎవరి పిల్లలనో చాప మీద లేపి నిలబెట్టిన ఆ ఇరవై ఒక్క సీజన్లలోనే. సిడ్నీలో జారిన బరువుకు జవాబు యమునానగర్‌లో చిన్నపిల్లలు బార్ పట్టుకోవడం నేర్చుకునే షెడ్డులో ఉంది. మనకు పోయిందనుకున్నది మన చేతికే తిరిగి రావాలని పట్టుబట్టి కూర్చుంటే రాదు. ఇంకొకరికి అందించబోయినప్పుడు, మనకు తెలియకుండానే వచ్చి ఉంటుంది.

వయసు మీదపడ్డవాళ్లకు ఈ మాట మరీ అవసరం. మోకాళ్లు వంగనంత మాత్రాన ఇక పనికిరామని అనుకోవద్దు. ఒంటిలోంచి పోయిన బలం నోటిలోకి, చూపులోకి, ఓపికలోకి దిగి ఉంటుంది. మనవడికి సైకిలు నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకుని పరుగెత్తే శక్తి లేకపోవచ్చు. ‘ముందుకు చూడరా, చక్రం వైపు కాదు’ అని ఎప్పుడు అనాలో తెలుసు కదా, అది చాలు. నడివయసువాళ్లకు ఇంకో మాట. మీరింకా గెలిచే వయసులోనే ఉన్నారు, గెలవండి. గెలుస్తూనే ఒక్కరినైనా వెంటబెట్టుకోండి. నేర్పడానికి రిటైర్మెంట్ దాకా ఆగితే అప్పటికి నేర్చుకునేవాళ్లు వేరే దారి చూసుకుంటారు.

ఈ రోజు ఆచరణ

మీకు బాగా వచ్చిన పని ఏదో ఒకటి ఎంచుకోండి. పద్దులు రాయడం కావచ్చు, మోటారు విప్పి బిగించడం కావచ్చు, ఉలవచారు కాయడం కావచ్చు, చుక్కల ముగ్గు కావచ్చు. ఇంట్లోనో పనిచేసే చోటో మీకంటే చిన్నవాళ్లను పిలిచి, ఇవాళ దాన్ని వాళ్ల చేత చేయించండి. వాళ్లు తప్పు చేస్తుంటే నోటితో చెప్పండి గాని చేతిలోంచి లాక్కుని మీరే చేసేయకండి. ఆలస్యమవుతుంది, కొంత పాడవుతుంది, పాడవనివ్వండి. సాయంత్రం లోపల, మీకు మొదటిసారి ఒక పని నేర్పినవాళ్లు బతికుంటే ఫోన్ చేసి పలకరించండి. లేకపోతే వాళ్ల పేరు చెప్పుకుని ఒక దీపం పెట్టండి.

ప్రార్థన

స్వామీ, వరసిద్ధి వినాయకా! నీ ముందు చెవులు పట్టుకుని నిలబడ్డాం. మా గొప్పల్ని మేమే లెక్కపెట్టుకుని మురిసిపోయిన రోజులకు క్షమించు. మాకు దక్కని వాటిని పిల్లల చేత తెప్పించుకోవాలన్న దురాశను మాలోంచి తీసెయ్. మా చేతుల్లో ఇంకా మిగిలి ఉన్న పనితనం మాతోనే బూడిద కాకుండా ఎవరికి అందాలో వాళ్లను మా గుమ్మంలోకి పంపించు. పడ్డవాణ్ణి లేపేటప్పుడు మా నోట ఎత్తిపొడుపు రానివ్వకు. చెప్పిన మాటను రేపు పొద్దున కూడా నిలబెట్టుకునే బుద్ధినివ్వు. మా దగ్గర నేర్చుకున్నవాళ్లు మమ్మల్ని మించిపోయిన రోజున, ముఖం ముడుచుకోకుండా నలుగురిలో వాళ్ల పేరు గట్టిగా చెప్పగలిగే మనసునివ్వు.